టవరు, గాలి, మన మిద్దె

గృహిణీ విజ్ఞానము



ఇంటిని గూర్చిన విద్యలలో వంట, వైద్యము, శిశుపోషణము, పద్దులు వ్రాయుట మొదలగువానిని ఈ పుటలలో పలుమారులు ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున ఒక ఇనుపచెట్టును గూర్చి వ్రాయదలచితిని. ఇది గృహిణుల కేల యని సందేహింపవలదు. దూరదేశమున చదువుకొను కుమారుని కంఠస్వరము మన చెవిని బడుటకును, కాన్పునకు పుట్టింటికి వచ్చిన కూతురికి నడిరేయి నొప్పులు మొదలైనప్పుడు 108 బండిని పిలుచుటకును ఆ చెట్టే యాధారము. దానినే మనము సెల్‌టవరు అనుచున్నాము. మొదట అది ఊరిబయట పొలములందే నిలిచెడిది. ఇప్పుడు ఊరినడుమ మన యిండ్ల మిద్దెలమీదికిని ఎక్కుచున్నది. దానికి చోటిత్తురా యని అడుగవచ్చువారు పగటిపూట వత్తురు. ఆ వేళ వాకిట నిలిచి బదులు చెప్పవలసినది తరచుగా మనమే.

అందుచేత టవరును గూర్చి ఒక సంగతి గృహిణు లందరును ఎరిగియుండవలెను. టవరునకు శత్రువు దాని బరువు కాదు, గాలి. పొలమున నిలిచిన టవరు ఆ గాలితో తన పునాది బలముచే పోరాడును. మిద్దెపై నిలిచిన టవరునకు మాత్రము మన యిల్లే పునాది. ఈ రెండు వాక్యముల యర్థమును విప్పి చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

శాల్మలి కథ

శాంతిపర్వమున భీష్ముడు ధర్మరాజునకు చెప్పిన శాల్మలీ వృత్తాంతమును మీలో చదివినవారు పెక్కురుందురు. హిమవంతముపై ఒక మహావృక్షము, బూరుగు జాతిది, పక్షులకును బాటసారులకును నీడనిచ్చుచు నిలిచియుండెను. దాని కొమ్మ యొక్కటియు గాలికి విరుగకుండుట చూచి నారదుడు ఆశ్చర్యపడి, వాయుదేవుడు నీకు చుట్టమా యని యడిగెను. వాయువు బలము నాకొక లెక్క గాదని ఆ చెట్టు గర్వముతో పలికెను. ఆ మాట నారదునివలన వాయువు చెవిని బడెను. మరునాడు నీ సంగతి చూచెదనని వాయువు బెదరించిపోయెను. ఆ రాత్రి చెట్టు తన బలమెంతయో ఆలోచించుకొని, గాలి రాకమునుపే తన కొమ్మలను, ఆకులను, పూవులను తానే రాల్చుకొని నిలిచెను. వాయువు వచ్చి చూచి, నేను చేయదలచినది నీవే చేసికొంటివని నవ్విపోయెను.

బలవంతునితో వైరము తగదని చెప్పుటకు భీష్ముడు ఈ కథను చెప్పెను. టవరులు కట్టు ఇంజనీర్లకు ఇందు వేరొక నీతి కలదు. గాలి పట్టుకొనుటకు ఏమియు దొరకనీయకుండుటయే గాలిని గెలుచు ఉపాయము. మనము చూచు ఇనుపటవరు, కొమ్మలను ఆకులను ముందుగనే రాల్చుకొనిన శాల్మలి వంటిది. నాలుగు కాళ్లు, వానిని కూర్చు సన్నని బద్దలు, మిగిలినదంతయు ఖాళీయే. పారిసు నగరమున 1889లో గుస్తావ్ ఈఫెలు కట్టించిన 300 మీటర్ల టవరు ఈ పద్ధతికి పేరుపొందిన ఉదాహరణము. దానిని ఇరువది యేండ్లు మాత్రమే యుంచుటకు అనుమతి యిచ్చిరి. ఆ గడువు తీరునాటికి తీగలేని తంతి, అనగా వైర్‌లెస్సు, వ్యాప్తిలోనికి వచ్చెను. ఆంటెన్నా తీగలకు అంత ఎత్తైన స్థానము వేరొకటి లేకపోవుటచే ఆ టవరును పడగొట్టక నిలిపిరి. నాడు వార్తలు మోయుటవలననే బ్రతికిన టవరు నేటికిని నిలిచియున్నది.

చేటయు జల్లెడయు

గాలి బలమును తెలిసికొనుటకు పెద్ద యంత్రము లక్కరలేదు. గాలి గట్టిగా వీచునప్పుడు మిద్దె యెక్కి ఒక చేతితో చేటను, మరియొక చేతితో జల్లెడను గాలికి ఎదురుగా పట్టుకొనుడు. చేట చేతినుండి లాగికొనిపోవజూచును. జల్లెడ అంతగా కదలదు. రెంటి పరిమాణము ఒక్కటియే యైనను, చేటను గాలి త్రోయును, జల్లెడలోనుండి దాటిపోవును. టవరు జల్లెడ వంటిది. దానికి తగిలించు ఆంటెన్నాలు చేటల వంటివి. ఈ భేదమును గుర్తుంచుకొనుడు, ముందు దీనితో పనికలదు.

ఇంకొక ముఖ్య విషయము. గాలి వేగము రెట్టింపైనచో దాని త్రోపు రెట్టింపు కాదు, నాలుగింతలగును. వేగము మూడింతలైనచో త్రోపు తొమ్మిదింతలు. చల్లగాలికి, తుపానుగాలికి భేద మింత యెక్కువగా నుండుటకు కారణమిదే.

మన దేశమున ఏ ప్రాంతపు కట్టడమునకు ఎంత గాలిని లెక్కింపవలెనో భారతీయ ప్రమాణముల సంస్థ వారు ఐ.ఎస్. 875 అను ప్రమాణపు మూడవ భాగమున నిర్ణయించిరి. ఇది 1987లో వెలువడి 2015లో సవరింపబడెను. దాని ప్రకారము కర్నూలునకు సెకనుకు 39 మీటర్లు, హైదరాబాదునకు 44 మీటర్లు, సముద్రమునకు దగ్గరనున్న విజయవాడ, నెల్లూరు, విశాఖపట్టణములకు 50 మీటర్లు. గంటలెక్కకు మార్చినచో ఇవి వరుసగా సుమారు 140, 158, 180 కిలోమీటర్లు. కర్నూలు గాలి ఒక చదరపు మీటరు గోడపై సుమారు 93 కిలోల త్రోపును, హైదరాబాదు గాలి 118 కిలోల త్రోపును, కోస్తా గాలి 153 కిలోల త్రోపును కలిగించును. వేగములో నాలుగవ వంతు కంటె కొంచె మధికముగా తేడా యుండగా త్రోపులో సగమునకు మించిన తేడా వచ్చుట చూచితిరా! రెండు మీటర్ల ఎత్తు, ఒక మీటరు వెడల్పుగల తలుపును అట్టి కోస్తా గాలి త్రోసినచో, 75 కిలోల ధాన్యపుబస్తాలు నాలుగు దానిపై వాలినట్లే.

ఈ లెక్కలు బహుదూరపు మాటలు కావు. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమున తీరము దాటినప్పుడు గాలివేగము గంటకు సుమారు 180 కిలోమీటర్లు. అనగా ప్రమాణమున ఆ పట్టణమునకు వ్రాసియుంచిన అంకెతో దాదాపు సమానమైన గాలి నిజముగనే వచ్చెను. చెట్లు, కరెంటు స్తంభములు కూలినవి. ఫోనులు మూగవోయి, బంధువుల క్షేమము తెలియక జనులు తల్లడిల్లిరి.

మా దొనకొండ గుంటూరునుండి నంద్యాలకు పోవు రైలుమార్గమున, వినుకొండకును మార్కాపురమునకును నడుమ నున్నది. ఇచ్చట ఆంగ్లేయుల కాలపు విమానములు దిగు మైదానమొకటి కలదు. గాలిలెక్కల ప్రమాణమున భూమిని నాలుగు తరగతులుగా విభజించిరి. అందు విమానపు మైదానముల వంటి బయలు రెండవ తరగతి. ఏ ప్రాంతపు గాలినైనను అట్టి బయలున, నేలనుండి పది మీటర్ల ఎత్తున నుండు వేగముగనే చెప్పుదురు. అడ్డము లేనిచోట గాలికి పగ్గములుండవు గదా! ఎత్తు పెరిగిన కొలదియు అది ఇంకను హెచ్చును. అట్టి బయలున ముప్పది మీటర్ల ఎత్తున వేగము సుమారు ఎనిమిదవ వంతు అధికము. దానివలన త్రోపు నాలుగవ వంతు అధికమగును. సముద్రము మనకు దూరము గదా యని మెట్టసీమ వారము ఏమరియుండరాదు. వేసవి చివర ఉరుములతో వచ్చు ఈదురుగాలులు రేకులను ఎగురగొట్టుటయు, చెట్లను పెరికివైచుటయు మనము చూచుచునే యున్నాము.

పందిరి గుంజలు, చీపురుపుల్ల

అంత గాలిని సన్నని బద్దలు ఎట్లు తట్టుకొనును? దీనికి రెండు కిటుకులు కలవు. రెండును మనకు తెలిసినవే.

పెండ్లిపందిరి వేయువారిని చూడుడు. నాలుగు గుంజలు పాతి, పైన అడ్డవాసములు కట్టినంతమాత్రమున పందిరి నిలువదు. ప్రక్కనుండి త్రోసిన ఒరిగిపోవును. మూలనుండి మూలకు ఒక వెదురును ఏటవాలుగా కట్టినచో కదలదు. నలుచదరపు చట్రము ఒరుగును గాని త్రికోణము ఒరుగదు. త్రికోణపు మూడు భుజములలో ఒకదాని పొడవు మారనిదే దాని యాకారము మారదు. టవరు నంతను పరికించి చూడుడు, క్రిందినుండి పైదాక త్రికోణములే.

రెండవ కిటుకునకు ఒక చీపురుపుల్లను తీసికొనుడు. నిలువుగా నేలపై ఆనించి పైనుండి వ్రేలితో నొక్కినచో అది విరుగకమునుపే నడుమ వంగిపోవును. దానిని సగమునకు విరిచి ఆ ముక్కను నొక్కుడు. ఇప్పుడది వంగుటకు సుమారు నాలుగింతల బలము వలయును. ఈ సూత్రమును పదునెనిమిదవ శతాబ్దమున ఆయిలరు అను గణితశాస్త్రజ్ఞుడు నిరూపించెను. టవరు కాలు పొడవైన చీపురుపుల్ల వంటిది. ఏటవాలు బద్దలు దానిని అక్కడక్కడ పట్టుకొని చిన్నచిన్న ముక్కలుగా చేయుచున్నవి. అందుచేత ఒక సన్నని బద్దను ఊడదీసినచో పోయినది ఆ బద్ద బలము మాత్రమే కాదు. ఆ చోట కాలి ముక్క రెండింతల పొడవై, దాని ఓర్పు నాలుగవ వంతునకు దిగిపోవును. పాతయినుమునకై టవరు బద్దలను, బోల్టులను విప్పుకొనిపోవువారు ఎంత ద్రోహము చేయుచున్నారో దీనినిబట్టి గ్రహింపుడు. మన పిల్లలు టవరువద్ద ఆడుకొనుచు మరలను త్రిప్పకుండ మందలించుట తల్లుల విధి.

ఇనుమునకు మరియొక శత్రువు త్రుప్పు. జింకుబకెట్టు త్రుప్పు పట్టకుండుట మన మెరిగినదే. టవరు బద్దలనుకూడ కరగిన జింకులో ముంచి తీయుదురు. ఆ పూత గీసికొనిపోయిన చోటను జింకు తానే ముందుగా క్షయించి ఇనుమును కాపాడును. పూత పోయి ఎఱ్ఱమరకలు కానవచ్చినచో టవరునకు వైద్యము కావలెనని తెలిసికొనవలెను.

తీగెల స్తంభము, తాటిచెట్టు

టవరులన్నియు నాలుగు కాళ్లవి కావు. కొన్ని ఒంటిస్తంభములు. అవి తాటిచెట్టువలె తమ మొదలి బలముచేతనే నిలుచును. తక్కువ చోటు చాలునుగాన పట్టణములందు వీథిప్రక్కల వీనిని నిలుపుదురు. మరికొన్ని గుడారపు గుంజవలె సన్నగా నిలిచి, నలువైపుల ఉక్కుతీగెలచే లాగి కట్టబడియుండును. ఇనుము తక్కువ పట్టుటచే ఖర్చు తక్కువ. కాని ప్రాణమంతయు తీగెలలో నుండును. పోలండు దేశమున 1974లో పూర్తియైన రేడియో స్తంభము 646 మీటర్ల ఎత్తు కలిగి, ఆ కాలమున ప్రపంచమున నెల్ల కట్టడములలో మిన్నయై యుండెను. 1991 ఆగష్టు 8వ తేదీన దాని తీగెలను మార్చుచుండగా అది కూలిపోయెను. పదునేడేండ్లు గాలికి ఓర్చిన స్తంభము ఒక్కనాటి మరమ్మతులో నేలగూలెను.

కాంక్రీటుతో కట్టినవియు కలవు. మన పొరుగున రామేశ్వరమున దూరదర్శన్ వారి టవరు 323 మీటర్ల ఎత్తుగలది. దానికి చేరువనే యున్న ధనుష్కోటిని 1964 డిసెంబరు తుపాను తుడిచిపెట్టెను. అట్టి తీరమున అంత స్తంభమును నిలుపుట గాలిలెక్క తెలిసినవారికే సాధ్యము.

కుండను మీటి చూచి కొనుట మన యలవాటు. టవరులనుగూడ అట్లే పరీక్షించు చోటు కలదు. చెన్నైలో నిర్మాణ ఇంజనీరింగు పరిశోధన కేంద్రము వారికి టవరుల పరీక్షాస్థలము ఉన్నది. అచ్చట నిజమైన కొలతలతో టవరును నిలిపి, గాలి లాగినట్లే ఉక్కుత్రాళ్లతో లాగుచు, లెక్కలో చెప్పిన బలమునకు అది ఓర్చునో లేదో చూతురు.

పాదములు: అణచుట కాదు, పెరుకుట

టవరు పునాదిని చూచినవారు, ఇంత సన్నని ఇనుమునకు ఇంత కాంక్రీటు ఏల యని వింతపడుదురు. ఒక లెక్క వేసి చూతము. అంకెలు వివరించుటకై ఊహించుకొనినవి.

నలుబది మీటర్ల టవరును గాలి మొత్తముమీద 5,000 కిలోల బలముతో త్రోయుచున్నదనుకొందము. ఆ త్రోపు 25 మీటర్ల ఎత్తున తగిలినట్లు భావింపుడు. కాళ్లనడుమ ఎడము 5 మీటర్లు. అయిదువేలను ఇరువదియైదుతో గుణించి అయిదుతో భాగించినచో 25,000 కిలోలు. గాలికి అవతలనున్న రెండు కాళ్లు ఆ బలముతో నేలలోనికి దిగబడజూచును. ఇవతలనున్న రెండు కాళ్లు అంతే బలముతో పైకి లేవజూచును. ఒక్కొక్క కాలికి 12,500 కిలోల పెరుకుడు. టవరు బరువు ఆరువేల కిలోలైనచో కాలికి వచ్చునది 1,500 మాత్రమే. మిగిలిన 11,000 కిలోలను నేల పట్టుకొనవలెను. ఒక ఘనపు మీటరు కాంక్రీటు సుమారు 2,400 కిలోలు తూగును. కాలికి నాలుగున్నర ఘనపు మీటర్లకు పైగా కాంక్రీటు పోసినగాని సరితూకమే కాదు. ఇంజనీరు సరితూకముతో ఊరకుండక, దానిపై మరికొంత బలమును భద్రతకై చేర్చును. అందుచేతనే పాదమును వెడల్పుగా పోసి, దానిమీద మన్ను గట్టిగా కూరి, ఆ మంటి బరువునుకూడ తోడు తెచ్చుకొందురు. పందిరిగుంజ ఎగిరిపోకుండ రోటికి కట్టినట్లే ఇది.

నేల స్వభావమును ముందు పరీక్షింపవలెను. పలకలకు పేరుపడిన మార్కాపురపు రాతినేల ఒక తీరు. వానకు ఉబ్బి ఎండకు నెఱ్ఱెలు వారు నల్లరేగడి మరియొక తీరు. రెంటికిని ఒకే పునాది సరిపడదు.

ఇల్లే పునాదియైనప్పుడు

ఇక మన మిద్దె సంగతి. మా వీథిలోని యొకామె, భర్త గతించినది, నన్ను వదిన వరుస పెట్టి పిలుచును. ఒకనాడు వచ్చి, "వదినా! మిద్దె ఊరకే ఎండుచున్నది గదా. టవరు పెట్టుకొని నెలనెల అద్దె యిత్తురట. ఆ అద్దెకున్నవారికి నీళ్లు తోడనక్కరలేదు, తగవులుండవు. సరే యనమందువా?" అని యడిగినది.

"మీ మిద్దెక్రింద కాంక్రీటు స్తంభములున్నవా వదినా, గోడలేనా?" అని నేనడిగితిని.

"మా మామగారినాటి రాతిగోడలు. ఇల్లు కారుచున్నదని పైన పాతకప్పు తీయించి స్లాబు వేయించినాము."

"వచ్చినవారు క్రింద గోడలను చూచినారా?"

"లేదు. నేరుగా మిద్దె యెక్కి కొలుచుకొని, దిగివచ్చి కాగితము చేతికిచ్చినారు."

ఈమెకు ఆ యిల్లొక్కటియే ఆస్తి. ఆ అద్దె వచ్చినచో మందుల ఖర్చునకు కుమారునివైపు చూడనక్కరలేదు. వద్దని తేలికగా చెప్పదగిన విషయము కాదు. అందుచే ఇద్దరము కూర్చుండి కాగితముపై లెక్క వేసికొంటిమి.

తొమ్మిది మీటర్ల చిన్న టవరనుకొనుడు. గాలి 500 కిలోల బలముతో, మిద్దెపై 6 మీటర్ల ఎత్తున త్రోసినదనుకొనుడు. కాళ్లనడుమ ఎడము 2 మీటర్లు. అయిదువందలను ఆరుతో గుణించి రెండుతో భాగించిన 1,500 కిలోలు. ఒకవైపు మిద్దెను అంతబలము క్రిందికి పొడుచును, రెండవవైపు అంతబలము పైకి పెరుకును. జనులు తిరుగు మిద్దెకు సాధారణముగా చదరపు మీటరునకు 150 కిలోల బరువును లెక్కించి స్లాబు వేయుదురు. అనగా పది చదరపు మీటర్లపై పరచియుండవలసిన బరువు జానెడు ఇనుపపలకపై నిలుచును. పైగా గాలి ఒక్కమారు త్రోసి యూరకుండదు. త్రోయుచు విడుచుచు ఊపుచుండును. గాలి దిక్కు మారినచో పొడిచిన చోటనే పెరుకును.

కావున మిద్దెపై టవరు కాళ్లు స్లాబు నడుమ నిలువరాదు. క్రింద నేలదాక దిగిన కాంక్రీటు స్తంభముల నెత్తిపై నిలువవలెను. లేనియెడల ఒక స్తంభమునుండి మరియొక స్తంభమునకు బలమైన దూలములు వేసి వానిపై నిలుపవలెను. రాతిగోడలు, ఇటుకగోడలు పైనుండి వచ్చు బరువును చక్కగా మోయును గాని, పైకి పెరుకు బలమునకు రాయికిని రాయికిని నడుమ పట్టు చాలదు. టవరుతోడ బ్యాటరీల పెట్టె, యంత్రముల బీరువా, ఒక్కొక్కచోట డీజిలు జనరేటరుకూడ వచ్చును. వాని బరువును ఈ లెక్కకు చేర్చవలెను.

లెక్క చూచి ఆమె కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "అయితే ముందు ఇంటిని చూచి చెప్పు ఇంజనీరును తీసికొని రమ్మందును. ఇల్లు మోయునని వ్రాసియిచ్చినచో అప్పుడు అద్దెమాట," అన్నది. అంతకంటె మంచి నిర్ణయము నేనును చెప్పలేను. ఇంజనీరును తెమ్మన్న పిమ్మట ఆ వచ్చినవారు మరల రాలేదు. ఆమె మిద్దెపై ఇప్పుడు వడియములు ఎండుచున్నవి.

అడుగవలసిన ప్రశ్నలు

మీ వాకిటికిని అట్టివారు వచ్చినచో ఈ క్రింది విషయములను అడిగి, బదులు కాగితముపై తీసికొనుడు.

మొదటిది. ఇంటికిని టవరునకును కలిపి, అధికారము గల నిర్మాణ ఇంజనీరు సంతకముతో దృఢత్వపత్రము ఉన్నదా? మిద్దెపై టవరునకు అట్టి పత్రము వలయునని దూరసంచార శాఖవారు 2013లో రాష్ట్రములకు పంపిన మార్గదర్శక సూత్రములలో చెప్పిరి. టవరు గట్టిదను పత్రము మాత్రము చాలదు, ఇల్లు దానిని మోయునను పత్రము కావలెను.

రెండవది. లెక్కలో ఏ గాలివేగము తీసికొనిరి? కర్నూలు అంకెతో చేసిన టవరును నెల్లూరున నిలుపరాదు.

మూడవది. ఎన్ని ఆంటెన్నాలకు లెక్క వేసిరి? ఇందులకే చేటను గుర్తుంచుకొనుమంటిని. రెండు మీటర్ల పొడవు, ముప్పది సెంటీమీటర్ల వెడల్పుగల ఒక్క ఆంటెన్నాపై కోస్తా గాలి త్రోపు 90 కిలోలకు పైబడును. ఒక కంపెనీ టవరును పెట్టిన పిదప మరియొక కంపెనీవారు తమ ఆంటెన్నాలను అదే టవరునకు తగిలించుట కలదు. రాల్చుకొనిన కొమ్మలను శాల్మలి తిరిగి తొడిగికొన్నట్లగును. కొత్త లెక్క వేయక, మన వ్రాతపూర్వక సమ్మతి లేక, ఒక్క ఆంటెన్నానైనను చేర్చరాదని ఒప్పందమున వ్రాయింపవలెను.

నాలుగవది. మిద్దెకు రంధ్రములు చేసినచోట నీరు దిగకుండ ఎవరు చూతురు? ఆ నీరు లోపలి కమ్మిని చేరినచో త్రుప్పు ఉబ్బి కాంక్రీటును పగులగొట్టును. ఏటేట బోల్టులను, పూతను పరీక్షించు బాధ్యత ఎవరిది?

అయిదవది. గాలికి టవరు పడి మన యింటికో పొరుగింటికో నష్టము కలిగినచో ఇచ్చుకొనువా రెవరు? భీమా ఉన్నదా? గడువు తీరిన పిదప విప్పుకొనిపోయి మిద్దెను యథాప్రకారము చేయుదురా?

ఇక్కడనే మరియొక హెచ్చరిక. టవరు పెట్టుదుము, లక్షల అడ్వాన్సు ఇత్తుము, ముందుగా రిజిస్ట్రేషను రుసుము కట్టుడని ఫోనులలోను ఉత్తరములలోను నమ్మించి సొమ్ము కాజేయువారు కలరు. ప్రభుత్వపు ముద్రలవంటి ముద్రలు వేసిన కాగితములు చూపుదురు. చోటు అద్దెకు తీసికొనువారు మనకు డబ్బిత్తురు గాని మననుండి ముందుగా అడుగరు. టవరులు పెట్టుటకు తాము ఎవరివద్దను రుసుము వసూలు చేయమని దూరసంచార శాఖయు, ట్రాయి సంస్థయు పలుమారులు ప్రకటించియున్నవి. ఎవరైన ముందు సొమ్మడిగినచో మాట అంతటితో ముగింపుడు.

టవరు అనగానే పెక్కుమంది దాని కిరణములను గూర్చియే భయపడుదురు. ఆ విషయమున మన ప్రభుత్వము 2012 సెప్టెంబరు 1వ తేదీనుండి, అంతర్జాతీయ సంఘము చెప్పిన పరిమితిలో పదవ వంతును మాత్రమే మన దేశమున పరిమితిగా నిర్ణయించెను. కంటికి కనబడని దానిని గూర్చి అడుగుట తప్పు కాదు. కంటికి కనబడు గోడను, స్లాబును, బోల్టును గూర్చియు అడుగవలెననియే నా మనవి.

టవరును ద్వేషింపుడని నేను వ్రాయుట లేదు. తుపానురాత్రి బంధువులు, వైద్యులు, సహాయకులు ఒకరినొకరు పిలుచుకొనుటకు అదియే దారి. గాలి మిక్కుటముగా వీచు రాత్రియే దానితో పని మిక్కుటము. అందుచేతనే అది నిలువదగిన చోట, నిలువదగిన పాదములపై నిలువవలెను. ఇల్లు కట్టి చూడుమని పెద్దలన్నారు. ఆ కట్టిన యింటి నెత్తిపై ఇంకొకరి భారమును ఎత్తుకొనుటకు ముందు, దానిని మోయు గోడలను స్తంభములను ఒకమారు చుట్టి చూచుట గృహిణి కర్తవ్యము. ఒప్పందముపై సంతకము పురుషులదే యైనను, ఈ ప్రశ్నలను వారిచేత అడిగింపుడు.

ఎత్తైనచోట గాలితోపాటు పిడుగుభయమును కలదు. ఇంటిని పిడుగునుండి కాపాడుకొను విధమును, ఎర్తు తీగెను భూమిలో పాతవలసిన రీతిని రాబోవు సంచికలో వ్రాయుదును.